పెన్నా మెట్టల కర్ర: గుజ్జు నుంచి నానో సెల్యులోజ్ దాకా

మొక్క నిలబడటానికి, చెట్టు గాలికి తట్టుకోవడానికి ఆధారం సెల్యులోజ్. కర్రలో ఉన్న ఈ పదార్థాన్ని పోగులుగా విడదీస్తే గుజ్జు అవుతుంది. గుజ్జును పలుచగా పరిచి ఆరబెడితే కాగితం. రసాయనాల్లో కరిగించి సన్నని రంధ్రాల గుండా తీస్తే రేయాన్ దారం. పోగును కరిగించకుండానే చీల్చి, మళ్లీ చీల్చి, మీటరులో వంద కోట్లవ వంతుతో కొలిచే సన్నదనానికి తెస్తే అది నానో సెల్యులోజ్. సరుకులు ఎన్నైనా అన్నిటికీ మూలం చేలో కొట్టిన కర్రే. నెల్లూరు జిల్లా పడమటి మండలాలు, అంటే పెన్నా దక్షిణపు ఒడ్డున ఉన్న చేజర్ల, దానికి పడమరగా అనంతసాగరం, మర్రిపాడు, కొండల కింది ఉదయగిరి, ఈ వరుసలో మొదటి మెట్టు మీద ఉన్నాయి. నానో సెల్యులోజ్ కార్ఖానాలు ఇక్కడ లేవు. వాటికి కావలసిన గుజ్జు కర్ర ఉంది. ఆ కర్ర వ్యాపారం ఎలా పుట్టి, ఎవరి చేతుల మీదుగా ఇక్కడిదాకా వచ్చిందో తెలిస్తే కొత్త సరుకు వల్ల ఎవరికి ఏం ఒరుగుతుందో అంచనా కట్టవచ్చు.

నెల్లూరు సీమలో కర్రను మొదట కొన్నది కాగితం మిల్లులు కాదు, పొయ్యిలు. శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో మద్రాసు చేరేవి. రైలు ఇంజన్ల బొగ్గుకు బదులుగా కాల్చడానికి 19వ శతాబ్దంలో కోరమండల తీరమంతా సరుగుడు తోపులు వేశారు. దీన్నే నెల్లూరు, చిత్తూరు వైపు సవక అంటారు. ఇసుక నేలలో సైతం పెరిగే ఈ చెట్టు తీరపు రైతుకు వంటచెరకుగా, పందిరి గుంజలుగా, ఇళ్లు కట్టేటప్పుడు సారువగా తరతరాలుగా డబ్బు తెచ్చింది. పడమటి వైపు కథ వేరు. వెలిగొండల అడవి నుంచి వచ్చే మెత్తని కర్రతో ఉదయగిరి కళాకారులు గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కేవారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కర్రలో ఏ ముక్క ఏ వస్తువుకు పనికొస్తుందో వేలితో తడిమి చెప్పగల వాళ్ల లెక్కలో కర్రకు బరువు కాదు, గుణం ముఖ్యం. మిల్లులు వచ్చాక ఆ లెక్క తారుమారైంది. కర్ర టన్నుల్లోకి మారింది.

తెలుగు నేల మీద గుజ్జు పరిశ్రమ రాజమండ్రిలో మొదలైంది. 1924లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ పేరుతో పుట్టిన కార్ఖానా నిలదొక్కుకోలేక మద్రాసు ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక దానికి సంక్రమించి, 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌గా ప్రైవేటు యాజమాన్యంలోకి మారింది. 2011లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్ కొన్నది. 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్‌కు అమ్మింది. ఇప్పుడు దాని పేరు ఆంధ్రా పేపర్. నిజాం రాజ్యంలో సిర్పూర్ పేపర్ మిల్స్ 1938లో ఏర్పడి 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ మిల్లు వల్లే ఒక ఊరు కాగజ్‌నగర్ అయింది. గోదావరి ఒడ్డున సారపాక దగ్గర భద్రాచలం పేపర్‌బోర్డ్స్ 1979లో పనిలోకి దిగింది. అది ఐటీసీ సంస్థది.

ఈ మిల్లులన్నీ తొలినాళ్లలో బతికింది వెదురు మీద. వెదురు పోగు పొడుగ్గా ఉంటుంది, కాగితానికి చిరగని గట్టిదనం ఇస్తుంది. పైగా అది ప్రభుత్వ అడవిలో ఉంది, ధర నిర్ణయించేది ప్రభుత్వమే. పొరుగున కర్ణాటకలో 1958లో ఒక మిల్లుకు టన్ను వెదురు రూపాయిన్నరకు ఇచ్చిన వైనాన్ని పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ గ్రంథస్థం చేశారు. అదే వెదురుతో బుట్టలు, తట్టలు అల్లి బతికేవాళ్లు బజారు ధర పెట్టి కొనుక్కోవలసి వచ్చేది. ఇంత చౌకగా దొరికే ముడిసరుకును పొదుపుగా వాడాలన్న ఆలోచన ఏ మిల్లుకూ రాలేదు. రావలసిన అవసరమూ కలగలేదు. కొన్ని దశాబ్దాల్లో అడవి పలచబడింది.

1988 జాతీయ అటవీ విధానం ఈ బేరాన్ని ముగించింది. అడవి మీద ఆధారపడిన పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలని అది చెప్పింది. అప్పటికే నేల కొంత సిద్ధమై ఉంది. కెనడా సాయంతో 1983లో మొదలైన సామాజిక అడవుల పథకం కింద ఊరూరా నర్సరీలు వెలిశాయి. పశువుల మేతకని ప్రచారం చేసిన సుబాబుల్ ప్రకాశం జిల్లాలో మేత సంగతి మరిచి గుజ్జు కర్ర పంటగా పాతుకుపోయింది. నీలగిరి జాతికి చెందిన జామాయిల్‌ను అటవీ అభివృద్ధి సంస్థ తన తోటల్లో వేసింది, రైతులు చూసి నేర్చుకున్నారు. విత్తనంతో వేసిన తోటలో చెట్లు ఒక్క తీరుగా పెరగవు. ఐటీసీ 1989 ప్రాంతంలో భద్రాచలంలో మేలైన చెట్ల కొమ్మ ముక్కలను వేరు పట్టించి, ఒకే రకం మొక్కలను వేల సంఖ్యలో తీయడం మొదలుపెట్టాక దిగుబడి బాగా పెరిగింది. రైతులు వాటిని క్లోన్ మొక్కలనే పిలుస్తారు. ఒకే రకం మొక్కలతో ఉన్న చిక్కు కూడా తర్వాత బయటపడింది. 2001లో కర్ణాటకలోని మండ్య దగ్గర కనిపించిన బుడిపె కందిరీగ ఆకు ఈనెల మీద, తొడిమల మీద గుడ్లు పెట్టి బుడిపెలు లేపుతూ ఆంధ్రకు పాకింది. పేరు తెచ్చుకున్న కొన్ని క్లోన్లు దానికి లొంగిపోవడంతో తట్టుకునే రకాలను మళ్లీ వెతకవలసి వచ్చింది.

సోమశిల జలాశయం కింద, చేజర్ల చుట్టుపక్కల, ఏ చేను ఏ పంటకో నీళ్లే తేలుస్తాయి. కాలువ అందిన చోట వరి. బోరు పడితే నిమ్మ. రెండూ లేని ఎర్ర గరప నేలల్లో, గుట్టల వాలుల్లో ఒకప్పుడు వేరుశనగ, కంది, సజ్జ వేసేవారు. కూలి ఖర్చు పెరిగి వాన నమ్మకం తగ్గాక అలాంటి చేలు చాలా చోట్ల జామాయిల్‌కు మారాయి. మొక్క నాటాక రెండేళ్లు కలుపు చూసుకుంటే చాలు, తర్వాత కాపలా కూడా అక్కర్లేదు, పశువు ముట్టదు. నాలుగో ఏట కొట్టుడుకొస్తుంది. మోడు నుంచి పిలకలు లేస్తాయి కాబట్టి ఒకసారి నాటితే మూడు నాలుగు కొట్టుళ్లు తీయవచ్చు. ఊళ్లో లేని ఆసామికి ఇంతకన్నా అనువైన పంట లేదు. పక్క చేను రైతుకు మాత్రం నచ్చదు. దాని వేళ్లు గట్టు దాటి వచ్చి పైరు తడి లాగేస్తాయన్నది అతని ఫిర్యాదు. తోట తీసేశాక మోళ్లు పెకలించడానికి పొక్లెయిన్ పెట్టాలి, ఆ ఖర్చును నాటేటప్పుడు లెక్కలో వేసుకునేవాళ్లు తక్కువ.

కర్ర అమ్మకంలో అసలు కథ తూకం దగ్గర ఉంది. అప్పుడే కొట్టిన జామాయిల్ బరువులో దాదాపు సగం నీళ్లు. కొమ్మలు నరికి, బెరడు ఒలిచి, ముక్కలు కోసి, లారీకెత్తి డిపోకు చేర్చేదాకా ఎండకు ఆ నీరు ఆరిపోతూనే ఉంటుంది. రైతుకు డబ్బు వచ్చేది టన్నుకింతని. లారీ దొరక్క కర్ర నాలుగు రోజులు గట్టు మీద పడి ఉన్నా, డిపో ముందు వరుసలో రెండు రోజులు నిలిచినా నష్టం అతనిదే. మిల్లుకు కావలసింది మాత్రం ఎండు కర్రే. అందువల్ల ఆలస్యమైన లారీ వల్ల మిల్లుకు నష్టం లేదు. దీనికి తోడు బెరడు ఉందని, కర్ర సన్నగా ఉందని కోతలు. మిల్లుకు, రైతుకు మధ్య దళారీలు. సుబాబుల్, జామాయిల్ ధరల మీద ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఏళ్లపాటు ఆందోళనలు జరిగాయి. ప్రభుత్వం మిల్లులతో కూర్చుని ధర ఖరారు చేసి, మార్కెట్ కమిటీల ద్వారా కొనుగోలు పెట్టించే దాకా వచ్చింది. ఎండు బరువు మీద, తేమ కొలిచి ధర కట్టే పద్ధతి వస్తే ఈ గొడవలో సగం తగ్గుతుంది. తేమ కొలవడం ధాన్యం కేంద్రాల్లో రోజూ జరిగే పనే.

మిల్లులో కర్రను ముందు చిన్న చెక్కు ముక్కలు చేస్తారు. కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన ద్రావణంలో 160 డిగ్రీల పైన ఉడికిస్తారు. పోగులను అతికించి ఉంచే లిగ్నిన్ కరిగి నల్లని ద్రావణంగా బయటికి వస్తుంది. దాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో కాల్చి ఆవిరి, కరెంటు తీస్తారు, రసాయనాలనూ తిరిగి రాబట్టుకుంటారు. మిగిలిన గోధుమరంగు గుజ్జును తెల్లబరుస్తారు. భద్రాచలం మిల్లు 2002లో దేశంలో మొదటిసారిగా క్లోరిన్ వాయువు వాడకుండా గుజ్జును తెల్లబరిచే పద్ధతికి మారింది. ఇంత చేశాక దక్కేది కర్ర ఎండు బరువులో సగం లోపే. జామాయిల్ పోగు పొడవు ముప్పావు మిల్లీమీటరు, వెడల్పు 15 నుంచి 20 మైక్రాన్లు. వెదురుతో పోలిస్తే పొట్టిది కనుక కాగితం బలం తగ్గుతుంది, అచ్చుకు నున్నదనం మాత్రం వస్తుంది.

గుజ్జును కాగితం కాకుండా మరో సరుకుగా అమ్మే ప్రయత్నం తెలుగు నేలలో ఒకటి జరిగింది. అప్పటి వరంగల్ జిల్లా, ఇప్పటి ములుగు జిల్లా కమలాపురంలో ఏపీ రేయాన్స్ 1981లో మొదలైంది. అక్కడ తయారైనది కరిగించడానికి పనికొచ్చే గుజ్జు. సెల్యులోజ్ పాలు 90 శాతం దాటేదాకా మిగతావన్నీ కడిగేసి, విస్కోస్ అనే రేయాన్ దారం తీసే కార్ఖానాలకు పంపేవారు. మామూలు గుజ్జు కన్నా విలువైన సరుకే. కర్ర ధర పెరిగి, కొనేవాళ్లు దిగుమతి గుజ్జు వైపు మళ్లాక 2014లో మిల్లు ఆగిపోయింది. దాన్ని నమ్ముకున్న కార్మికుల కుటుంబాలు వీధిన పడ్డాయి, చుట్టూ కర్ర పెంచినవాళ్లు కొనేవాడి కోసం వెతుక్కున్నారు. అదే ఏడాది సిర్పూర్ మిల్లు కూడా మూతపడింది. దాన్ని 2018లో జేకే పేపర్ తీసుకుని మళ్లీ నడిపించింది. కమలాపురానికి ఆ అదృష్టం పట్టలేదు. విలువ పెంచిన సరుకైనంత మాత్రాన మిల్లు నిలబడుతుందన్న భరోసా లేదని ఆ ఊరు చూసిన వాళ్లకు తెలుసు.

నానో సెల్యులోజ్ కూడా అలా విలువ పెంచే ప్రయత్నంలోనే పుట్టింది. 1838లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ మొక్కల నుంచి సెల్యులోజ్‌ను వేరుచేశాడు. ఒక్కో పోగు లోపల 3, 4 నానోమీటర్ల సన్నని ఈనెలు కట్టలు కట్టలుగా ఉంటాయని, ఆ ఈనెల్లో కొంత భాగం పలుగుల్లా గట్టిగా, కొంత సడలుగా ఉంటుందని తెలియడానికి వందేళ్లు పట్టింది. 1949లో స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ రాన్‌బీ గంధకామ్లంతో సడలు భాగాలను కరిగించి, గట్టి ముక్కలను నీళ్లలో తేలే స్థితిలో పట్టుకున్నాడు. ఇప్పుడు స్ఫటిక నానో సెల్యులోజ్ అనేది దాని వారసురాలే. ఆమ్లం గాఢత 64 శాతం దగ్గర, వేడి 45 డిగ్రీల దగ్గర గంటలోపు ఉంచితే 5 నుంచి 10 నానోమీటర్ల వెడల్పు, 100 నుంచి 200 నానోమీటర్ల పొడవు గల కడ్డీలు వస్తాయి. వాటికన్నా ముతకగా పొడి చేసిన సెల్యులోజ్‌ను అమెరికాలో ఆర్లండో బటిస్టా మాత్రల తయారీకి పనికొచ్చేలా చేశాడు. మందుబిళ్ల రాలిపోకుండా పట్టి ఉంచే పొడి అదే, హైదరాబాదు మందుల కంపెనీలు టన్నుల కొద్దీ వాడేదీ అదే.

రెండో మార్గం చీల్చడం. అమెరికాలో రేయాన్ గుజ్జు అమ్ముకునే ఐటీటీ రేయోనియర్ ప్రయోగశాలలో ఆల్బిన్ టర్బాక్ బృందం 1970ల చివర గుజ్జు నీళ్లను పాల కంపెనీల్లో వెన్న విడిపోకుండా చిలికే హోమోజనైజర్ గుండా అధిక ఒత్తిడితో పదే పదే తోసింది. పోగులు చీలి చీలి చిక్కని జిగురు ముద్దగా మారాయి. వందలో రెండు వంతులే సెల్యులోజ్, తక్కినదంతా నీరే, అయినా గిన్నె వంచితే కారదు. 1983లో వివరాలు ప్రచురించి పలు కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారు. సరుకు మాత్రం బజారులో నిలవలేదు. టన్ను తయారీకి 20 వేల యూనిట్లకు పైగా కరెంటు కాలేది, యంత్రం గొంతులో పోగులు అడ్డం పడేవి.

ఆ అడ్డు తొలగడానికి పాతికేళ్లు పట్టింది. ఎంజైములతో పోగును ముందే వదులు చేసి చీల్చే పద్ధతి స్వీడన్‌లో వచ్చింది. టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసొగాయ్, త్సుగుయుకి సైటో 2006లో టెంపో అనే ఉత్ప్రేరకంతో ఈనెల పైభాగాన రుణావేశం నిలిపారు. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక ఆ తర్వాత కొద్దిగా చిలికితే చాలు, ఈనెలు విడివడతాయి. కరెంటు ఖర్చు ఎన్నో రెట్లు పడిపోయింది. 2015లో ఈ ఇద్దరికీ, ఫ్రాన్స్‌లో పనిచేస్తున్న యోషిహరు నిషియామాకూ కలిపి మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి ఇచ్చారు. అడవి పరిశ్రమల వాళ్లు దాన్ని తమ నోబెల్‌గా చూస్తారు.

కార్ఖానాలు వెంటనే వచ్చాయి. కెనడాలో విండ్సర్ గుజ్జు మిల్లు పక్కనే సెల్యుఫోర్స్ 2012లో రోజుకు టన్ను సామర్థ్యంతో స్ఫటిక రకం మొదలుపెట్టింది. నార్వేలో బోరెగార్డ్ 2016లో దిగింది. జపాన్‌లో నిప్పన్ పేపర్ తన ఇషినోమాకి మిల్లులో 2017లో ఏడాదికి 500 టన్నుల స్థాయిలో మొదలుపెట్టింది. వాడకాలు మొదట్లో ఊహించినంత ఘనంగా లేవు. విమానాలు, తూటా ఆగే కవచాలు అని పత్రికలు రాస్తుండగా జపాన్ బజారులోకి ముందు వచ్చినవి వృద్ధులు వాడే డైపర్లు, బాల్‌పెన్ సిరా. లోహపు అయాన్లు అంటించిన నానో సెల్యులోజ్ డైపర్‌లో వాసనను అణిచింది. సిరాలో దాని గుణం మరీ చిత్రం. కదలనప్పుడు చిక్కగా ఉండి, బంతి తిరిగేటప్పుడు మాత్రం పలచబడి జారుతుంది, అందువల్ల గీత తెగదు, సిరా కక్కదు. రంగులు, నూనె బావుల బురద, సౌందర్య లేపనాలు ఇదే గుణాన్ని వాడుకుంటున్నాయి. కాగితపు అట్టలోనే కొద్దిగా కలిపి బలం పెంచడం, బరువు తగ్గించడం మిల్లులకు దగ్గరి దారి. ఉత్తర కాలిఫోర్నియాలో ఒక చిన్న వంతెన కాంక్రీటులో కలిపి చూశారు. 2019 టోక్యో మోటార్ షోలో భాగాలకు నానో సెల్యులోజ్ వాడిన కారును ప్రదర్శించారు. అది ప్రదర్శనే, రోడ్డెక్కే బండి కాదు.

మన దేశంలో ఈ పని పత్తి దారిలో వచ్చింది. రాజమండ్రి మిల్లు పుట్టిన 1924లోనే బొంబాయిలో మొదలైన పత్తి సాంకేతిక ప్రయోగశాల ఇప్పుడు కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, సిర్కాట్. గుంటూరులోనూ దానికి పత్తి నాణ్యత పరీక్షించే కేంద్రం ఉంది. ముంబయిలో 2015లో ప్రారంభించిన దాని ప్రయోగ కర్మాగారం 8 గంటల షిఫ్టుకు 10 కిలోల నానో సెల్యులోజ్ తీస్తుంది. గింజకు అంటిపెట్టుకుని మిగిలే పొట్టి నూగును ప్రధానంగా వాడతారు. అందులో లిగ్నిన్ లేదు, ఉడికించే బెడద తక్కువ.

పొట్టి నూగు పనికిరావడంలో పెద్ద విషయం దాగి ఉంది. కాగితానికి పోగు పొడవు ముఖ్యం. నానో సెల్యులోజ్‌కు కాదు, ఎలాగూ చీలుస్తారు. అందుచేత వరిగడ్డి, చెరకు పిప్పి, పత్తికట్టె, జామాయిల్ అన్నీ సూత్రరీత్యా సమానమే. నిమ్మ, నారింజ తొక్కల్లోని కణాల గోడలు పలుచన, లిగ్నిన్ స్వల్పం, కర్ర కన్నా తేలిగ్గా విడిపోతాయి. ఈ లెక్కన నెల్లూరు జిల్లా ముడిసరుకులో తేలుతోంది. లెక్క చేను దాటి రోడ్డెక్కేసరికి చిక్కులు. వరిగడ్డిలో ఇసుకలో ఉండే సిలికా ఎక్కువ, ఉడికించిన ద్రావణం బాయిలర్లను పాడుచేస్తుంది. గడ్డి పశువులకు కావాలి కూడా. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల నుంచి వెళ్లేది కాయ, తొక్క కాదు. రసం తీసే కార్ఖానా ఉన్న చోటే తొక్క గుట్టగా దొరుకుతుంది. కర్రకు ఇప్పటికే తూకం, లారీ, డిపో, మిల్లు అన్నీ ఉన్నాయి. అందుకే ప్రపంచంలో నానో సెల్యులోజ్ తీసేవాళ్లలో ఎక్కువమంది తెల్లబరిచిన కర్ర గుజ్జుతోనే మొదలుపెడతారు.

తయారైన సరుకును మోయడం మరో సమస్య. రెండు శాతం ముద్దలో టన్ను నానో సెల్యులోజ్ పంపాలంటే దానితోపాటు 49 టన్నుల నీళ్లు లారీకెక్కించాలి. ఆరబెడితే ఈనెలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి, తిరిగి తడిపినా విడివడవు. స్ఫటిక రకాన్ని పొడిగా ఆరబెట్టే పద్ధతులు కుదిరాయి గానీ ఈనెల రకానికి అది ఖరీదైన పని. ఈ కారణంగా గుజ్జు ఉన్న చోట, ఆవిరి, కరెంటు, నీటిశుద్ధి ఏర్పాట్లు ఉన్న చోట, కొనేవాడికి దగ్గరలో మాత్రమే ఈ కార్ఖానా గిట్టుబాటవుతుంది. కెనడా, జపాన్‌లలో మిల్లు ఆవరణలోనే కట్టడం యాదృచ్ఛికం కాదు. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి చోట్లు రాజమండ్రి, సారపాక, కాగజ్‌నగర్. చేజర్ల, ఉదయగిరి ప్రాంతాలకు చిన్న నానో యూనిట్లు తెస్తామని ఎవరైనా చెబితే గుజ్జు ఎక్కడిది, నీళ్లు ఎక్కడివి, కొనేదెవరు అని ముందు అడగాలి.

చేజర్ల రైతు చేతికి వచ్చేది కర్ర ధరే. నానో సెల్యులోజ్ వాడకం ఎంత పెరిగినా దానికి పట్టే గుజ్జు కాగితానికి, అట్టపెట్టెలకు పట్టే దానితో పోలిస్తే ఇప్పటికి చాలా స్వల్పం. దాని వల్ల టన్ను జామాయిల్ ధర కదలదు. తేమ చూసి ఎండు బరువుకు ధర కట్టడం, డిపో దగ్గర లారీ నిలవకుండా చూడడం మాత్రం రేపటి కొట్టుడులోనే రైతు లెక్కలో కనిపిస్తాయి.